గోళ్ల పనికి అమెరికా లైసెన్సు: శిక్షణలోనూ పరీక్షలోనూ ఎదురయ్యే చిక్కులు, వాటిని దాటే తీరు

టెక్సాస్‌లో 600 గంటల శిక్షణ పూర్తి చేసి, రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కిన నేను ప్రాక్టికల్ పరీక్షలో తప్పాను. అప్పటికి మా స్కూల్లో అక్రిలిక్ గోళ్లు అందరికంటే నీటుగా కడతానని నాకు పేరుండేది. పరీక్ష మధ్యలో క్యూటికల్ పుషర్ (గోరు మొదట్లోని పొరను వెనక్కి నెట్టే పనిముట్టు) చేతిలోంచి జారి కింద పడింది. కంగారులో వంగి తీసి, పేపర్ టవల్‌తో తుడిచి, పని కొనసాగించాను. వంటింట్లో గరిట జారితే తుడిచి వాడేసుకునే అలవాటే అక్కడా బయటపడింది. కింద పడిన పనిముట్టును క్రిమిసంహారం చేయవలసిన వస్తువుల డబ్బాలో వేసి, చేతులు శుభ్రం చేసుకుని, కిట్‌లోంచి మరొకటి తీసుకోవాలన్న సంగతి నాకు తెలుసు. రాత పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబే గుర్తించాను. తెలిసిన విషయం చేతికి ఎక్కలేదు, అంతే.

ఈ రంగంలో శిక్షణ, పరీక్ష, పనితనం మూడూ వేర్వేరు సంగతులని నాకు ఆ తరువాతే అర్థమైంది. శిక్షణ అంటే రాష్ట్రం అడిగినన్ని గంటలు నింపి, వాటికి రుజువు సంపాదించుకోవడం. పరీక్ష అంటే మీ ముందు చెయ్యి చాపిన మనిషికి రోగం అంటించరని, గాయం చేయరని లైసెన్సు ఇచ్చే రాష్ట్ర బోర్డుకు నమ్మకం కలిగించడం. కస్టమరు మళ్లీ మళ్లీ మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చేలా చేసే పనితనం ఈ రెండింటికీ బయట, చాలావరకు లైసెన్సు వచ్చాకే అబ్బుతుంది. మూడూ ఒకే ఫీజులో ఒకే చోట దొరుకుతాయనుకుని చేరినవారికే నిరాశ ఎక్కువగా మిగులుతుంది. ఈ వ్యాసం అమెరికాలో ఈ దారి పట్టాలనుకునే తెలుగువారి కోసం రాస్తున్నాను కనుక, మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

డబ్బు కట్టక ముందు

లైసెన్సు వేరు, పనిచేసే అనుమతి వేరు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యులకిచ్చేది) మీద ఉన్నవారు స్కూల్లో చేరి చదువుకోవచ్చు. ఆ చదువును ఎవరూ తప్పుపట్టరు. సెలూన్‌లో ఒక్క రోజు డబ్బు తీసుకుని పనిచేయాలన్నా మాత్రం ఉద్యోగ అనుమతి కార్డు ఉండాలి. ఆ కార్డు హెచ్-4 వారందరికీ రాదు. 2015 మే నెలలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ముఖ్యంగా జీవిత భాగస్వామికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం వేసే అర్జీ) ఆమోదం వచ్చి ఉంటేనో, హెచ్-1బీ ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు దొరికి ఉంటేనో మాత్రమే అది దొరుకుతుంది. ఉద్యోగ అనుమతి లేని హెచ్-4 వారికి సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా రాదు, లైసెన్సు దరఖాస్తులో అడిగే మొదటి వివరాల్లో ఆ నంబరు ఒకటి. కాలిఫోర్నియా వంటి చోట దాని బదులు పన్ను చెల్లింపుదారుకిచ్చే ఐటిన్ నంబరును అంగీకరిస్తారు. మీ రాష్ట్రంలో ఏం చేస్తారో స్కూలు వారిని కాకుండా బోర్డునే ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోండి. స్కూలు కౌంటరులో కూర్చున్నవారికి మీ చేరికతోనే పని కాబట్టి వారు చెప్పే భరోసా కాగితం మీద ఉండదు.

రెండో సంగతి పేరు. మనలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు కలిసి ఒకే గడిలో పడి ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మీ పేరు మొత్తం ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంట వస్తాయి. స్కూల్లో చేరేటప్పుడు మీరు అలవాటుగా వాడుక పేరు రాసి, బోర్డుకు ఇంకొకలా రాసి, పరీక్ష కేంద్రానికి మూడో రూపంలో ఉన్న గుర్తింపు కార్డు పట్టుకువెళ్తే, గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తారు, కట్టిన ఫీజు కూడా సాధారణంగా పోతుంది. అందుకే చేరే రోజునే, ఎంత వికారంగా కనిపించినా సరే, ప్రభుత్వ గుర్తింపు కార్డులో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా అన్ని కాగితాల మీద రాయించండి.

గంటల లెక్క

అమెరికాలో ఈ లైసెన్సు కేంద్ర ప్రభుత్వం చేతిలో లేదు. ఏ రాష్ట్రం బోర్డు దానిదే, ఏ రాష్ట్రం గంటలు దానివే. అలబామా 750 గంటలు అడుగుతుంది, టెక్సాస్ 600, జార్జియా 525, కాలిఫోర్నియా 400, న్యూజెర్సీ 300, న్యూయార్క్ 250. ఫ్లోరిడాలో 180 గంటలు చాలు, అక్కడ నెయిల్ స్పెషలిస్టుకు రాష్ట్ర పరీక్ష కూడా లేదు. చెయ్యి ఒకటే, గోరు ఒకటే, రసాయనాలు అవే. అయినా రాష్ట్ర సరిహద్దు దాటితే నేర్చుకునే కాలం నాలుగింతలు ఎందుకు కావాలో నాకు ఇప్పటికీ ఎవరూ నచ్చచెప్పలేకపోయారు. ఈ అంకెలను శాసనసభలు అప్పుడప్పుడూ మారుస్తుంటాయి కాబట్టి చేరే నెలలో బోర్డు వెబ్‌సైటు ఒకసారి చూసుకోవాలి.

ఈ తేడా కాగితం మీద వింతగా మాత్రమే కనిపిస్తుంది గాని, మన కుటుంబాల్లో ఇది గట్టి దెబ్బ కొడుతుంది. భర్తకో భార్యకో ప్రాజెక్టు మారితే ఇల్లు ఫ్లోరిడాలోని టాంపా నుంచి టెక్సాస్‌లోని డాలస్‌కు మారుతుంది. 180 గంటలతో వచ్చిన అర్హత 600 గంటల రాష్ట్రంలో యథాతథంగా చెల్లదు. మిగిలిన గంటలు నింపమనవచ్చు, పరీక్ష రాయమనవచ్చు, పనిచేసిన అనుభవానికి రుజువులు అడగవచ్చు. కొన్ని రాష్ట్రాలు కలిసి ఒకే లైసెన్సు చెల్లేలా ఒప్పందం చేసుకున్నాయని మీరు విని ఉండవచ్చు. ఆ ఒప్పందం జుట్టు, చర్మం, గోళ్ల పనులన్నీ కలిసిన కాస్మెటాలజీ లైసెన్సు కోసం రూపొందినది, గోళ్ల పని ఒక్కటే చేసేవారికి అది వర్తించదు. రెండు మూడేళ్లలో ఊరు మారే అవకాశం ఉన్నవారు వెళ్లబోయే రాష్ట్రం గంటలను కూడా ముందే లెక్కలో పెట్టుకోవడం మంచిది. వీలైతే ఎక్కువ గంటల రాష్ట్రంలోనే చదువు ముగించండి, ఎందుకంటే 600 నుంచి 400కు వెళ్లడం తేలిక, 180 నుంచి 600కు ఎక్కడం కష్టం.

హైదరాబాదులోనో విజయవాడలోనో బ్యూటీషియన్ కోర్సు చేసి వచ్చినవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఆ శిక్షణ ఇక్కడ లెక్కకు వస్తుందా? భారతదేశంలో గోళ్ల పనికి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ధ్రువపత్రాలు, ఐటీఐల్లో ఏడాది కాస్మెటాలజీ ట్రేడు, ప్రైవేటు అకాడమీల సర్టిఫికెట్లు ఉన్నాయి. విదేశీ శిక్షణను పరిశీలించే రాష్ట్రాలు అడిగేది గంటలు; మన సర్టిఫికెట్ల మీద ఉండేది నెలలు. ‘మూడు నెలల డిప్లొమా’ అన్న మాట ఇక్కడి గుమస్తాకు ఏమీ చెప్పదు. ఇంకా ఇండియాలోనే ఉన్నవారు బయలుదేరే ముందే అకాడమీ లెటర్‌హెడ్ మీద ఏ అంశంలో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల ప్రాక్టికల్ జరిగిందో విడివిడిగా ఇంగ్లీషులో రాయించి, ముద్ర వేయించుకోండి. తరువాత ఫోన్లో బతిమాలి తెప్పించుకోవడం ఎంత కష్టమో పడ్డవారికే తెలుసు. కాలిఫోర్నియాలో కనీసం పదో తరగతి చదువు అడుగుతారు కాబట్టి, ఆ మార్కుల పత్రం కూడా సూట్‌కేసులో అడుగునైనా ఉండాలి.

స్కూలును ఎంచుకోవడం, గంటలను కాపాడుకోవడం

స్కూలు బ్రోషరు చూడటం కంటే ఒక మధ్యాహ్నం వెళ్లి వాళ్ల క్లినిక్ ఫ్లోర్‌లో కస్టమరుగా మానిక్యూర్ చేయించుకోవడం ఎక్కువ ఉపయోగం. తక్కువ ధరకు విద్యార్థుల చేత సేవలందించే ఆ గదిలో మూడు విషయాలు కనిపెట్టండి. టీచరు బల్లల మధ్య తిరుగుతూ చేతులు సరిదిద్దుతున్నారా, లేక ఆఫీసు గదిలో కూర్చున్నారా? విద్యార్థి మీ చేతిని ముట్టుకునే ముందు తన చేతులు కడుక్కున్నదా? పనిముట్లు మూత ఉన్న డబ్బాలోంచి వచ్చాయా, సొరుగులోంచి వచ్చాయా? ఈ మూడింటికీ జవాబు బాగోలేకపోతే ఆ స్కూలు మీకు గంటలు అమ్ముతుందే గాని పరీక్షకు తయారు చేయదు.

నేను చదివిన చోట మొదటి ఆరు వారాలు పాఠ్యపుస్తకంలో అధ్యాయం చదువుకుని, వెనక ఉన్న ప్రశ్నలకు జవాబులు రాయడమే క్లాసు. ఆ తరువాత రోజంతా పెడిక్యూర్‌లు. వచ్చే కస్టమర్లు ఎక్కువగా పెడిక్యూర్ కోసమే వస్తారు కాబట్టి, నా గంటల్లో సగం పాదాల దగ్గరే గడిచిపోయాయి. టిప్ (గోరు పొడవు పెంచే ప్లాస్టిక్ ముక్క) అతికించడం, ఫారం (గోరు చివర కింద అమర్చే అచ్చు) మీద గోరు కట్టడం అడిగి అడిగి నేర్చుకోవలసి వచ్చింది. ఇటువంటి చోట నోరు మూసుకుని కూర్చుంటే గంటలు నిండుతాయి, చెయ్యి నిండదు. ఏ రకం పని ఎన్నిసార్లు చేయించాలో రాష్ట్ర పాఠ్యప్రణాళికలో రాసి ఉంటుంది. దాన్ని ప్రింటు తీసి పెట్టుకుని, తక్కువ పడిన పనిని మర్యాదగా, తారీకు వేసిన ఈమెయిల్‌లో అడగండి.

ఒప్పంద పత్రంలో చూడవలసిన వాక్యం ఒకటుంది. నిర్ణీత తేదీకి గంటలు పూర్తి కాకపోతే, ఆ తరువాత ప్రతి గంటకూ అదనపు రుసుము వసూలు చేస్తామని చాలా స్కూళ్లు రాసుకుంటాయి. పిల్లకు జ్వరం వచ్చిందనో, ఇండియా ప్రయాణం పడిందనో పదిహేను రోజులు పోతే, అది చివర్లో బిల్లుగా తిరిగి వస్తుంది. మీరు వారానికి నిజంగా ఎన్ని గంటలు వెళ్లగలరో లెక్కవేసి, దానికి ఒకటిన్నర నెలలు కలిపి ముగింపు తేదీ రాయించుకోండి. సగంలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, కిట్ ధర విడిగా ఉందా, స్కూలు మూతబడితే గంటల రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి కూడా అడగాలి. స్కూళ్లు మూతబడటం ఈ రంగంలో వినని సంగతేమీ కాదు.

మీ గంటల పుస్తకం మీరే రాసుకోండి. వచ్చిన సమయం, వెళ్లిన సమయం, చేసిన పని, సంతకం చేసిన టీచరు పేరు ఒక మామూలు నోటుపుస్తకంలో ఉంటే చాలు. నెలాఖరున దాన్ని స్కూలు రికార్డుతో పోల్చి చూడాలి. టెక్సాస్‌లో స్కూలు పంపిన గంటలను విద్యార్థులు ఆన్‌లైన్లో చూసుకోగలరు. ఏడు గంటలు వెళ్లిన రోజుకు అయిదే నమోదైతే ఆ వారంలోనే అడిగితే సరిదిద్దుతారు; ఆరు నెలల తరువాత అడిగితే ఎవరికీ గుర్తుండదు.

రాత పరీక్ష నిజంగా అడిగేది

నెయిల్ ఆర్ట్ గురించి, ఏ రంగు ఎవరికి నప్పుతుందన్నదాని గురించి పరీక్షకు పట్టింపు లేదు. దాని చూపంతా క్రిముల మీద, చర్మం మీద, రసాయనాల మీద ఉంటుంది. ‘నేను డిజైన్లు నేర్చుకోవడానికి వస్తే బాక్టీరియా ఆకారాలు బట్టీ పట్టిస్తున్నారు’ అని విసుక్కోని విద్యార్థి ఉండదు, నేనూ విసుక్కున్నాను. ఆ విసుగును తగ్గించినది ఒక నిజ సంఘటన. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ అనే ఊళ్లో ఒకే సెలూన్‌లో పెడిక్యూర్ చేయించుకున్న వంద మందికి పైగా కస్టమర్లకు మోకాలి కింద మొండి కురుపులు లేచాయి, నెలల తరబడి మానలేదు. కారణం మైకోబాక్టీరియం ఫార్ట్యుయిటమ్ అనే సూక్ష్మజీవి. పాదాల తొట్టిలో నీరు పీల్చుకునే జాలీ వెనక వెంట్రుకలు, చర్మపు పొట్టు పేరుకుపోయి, అక్కడ అది కాపురం పెట్టింది. పెడిక్యూర్‌కు ముందు కాళ్లు షేవ్ చేసుకున్నవారికి ముప్పు మరింత ఎక్కువైంది. తొట్టి పైకి తళతళలాడుతూనే ఉండి ఉంటుంది. జాలీ విప్పి కడగాలన్న నిబంధన, కడిగిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలన్న నిబంధన, పరీక్షలో వాటి మీద వచ్చే ప్రశ్నలు అన్నీ ఇటువంటి కాళ్ల మీది మచ్చల్లోంచి పుట్టినవే.

ఈ భాగంలో మూడు మాటలను కలగాపులగం చేసుకోకపోతే సగం మార్కులు చేతికొచ్చినట్టే. శుభ్రపరచడం అంటే సబ్బు, నీరు, బ్రష్‌తో కంటికి కనిపించే మురికి పోగొట్టడం. క్రిమిసంహారం అంటే గట్టి వస్తువుల మీద ఉన్న చాలా రకాల సూక్ష్మజీవులను రసాయనంతో చంపడం. కొన్ని బాక్టీరియాల బీజరూపాలు దానికి చావవు. స్టెరిలైజేషన్ అంటే ఆ బీజరూపాలతో సహా సమస్తాన్నీ ఆటోక్లేవ్ వంటి యంత్రంలో నాశనం చేయడం. మొదటిది చేయకుండా రెండోది చేస్తే చెల్లదు, ఎందుకంటే మురికి పొర కింద ఉన్న క్రిమికి మందు తగలదు. అంట్లు తోమకుండా వేడినీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది ఆ పని. చర్మం మీద క్రిమిసంహారి వాడరు, దానికి యాంటీసెప్టిక్ ఉంది. గోళ్లు అరగదీసే ఎమరీ బోర్డు, ఆరెంజ్‌వుడ్ పుల్ల వంటి పీల్చుకునే వస్తువులను ఒకరికి వాడి పారేయాలి. లోహపు పనిముట్లను కడిగి, పూర్తిగా మునిగేలా మందులో ఉంచాలి. సెలూన్లలో కనిపించే ఆ నీలం ద్రవం, బార్బిసైడ్, 32 ఔన్సుల నీటికి 2 ఔన్సులు కలుపుతారు, పనిముట్లు 10 నిమిషాలు మునిగి ఉండాలి. మిల్లీలీటర్లకు అలవాటు పడ్డ మనకు ఔన్సు అంటే చేతికి అందదు. 32 ఔన్సులు లీటరుకు కాస్త తక్కువ, 2 ఔన్సులు దాదాపు 60 మిల్లీలీటర్లు అని ఒకసారి కొలిచి చూసుకుంటే మరచిపోరు.

తరువాతి గోడ పదజాలం. ఓనికోమైకోసిస్, ఓనికోలైసిస్, పారోనికియా, టెరిజియం అంటూ వరసగా వచ్చే పేర్లు ఇంగ్లీషు మీడియంలో చదివినవారిని కూడా తికమక పెడతాయి, ఎందుకంటే అవి ఇంగ్లీషూ కావు, గ్రీకు. పేరును ముక్కలు చేయడం ఒక్కటే మార్గం. ‘ఓనికో’ అంటే గోరు, ‘మైకో’ అంటే బూజు జాతి, ‘లైసిస్’ అంటే ఊడిపోవడం, ‘పార’ అంటే పక్కన, ‘ఐటిస్’ అంటే వాపు. పారోనికియా అంటే గోరు పక్కన చీము పట్టి వాచేది. అది మనం చిన్నప్పుడు నిమ్మకాయ తొడిగించుకున్న గోరుచుట్టే. గోరు మొదట్లో తెల్లగా కనిపించే నెలవంక లున్యులా. ఆ మాటకు అర్థం చిన్న చంద్రుడనే. ఇలా తెలుగు మాటకు ముడివేసుకున్న పేరు గుర్తుంటుంది, కార్డు మీద పదిసార్లు రాసినది పరీక్ష గదిలో ఎగిరిపోతుంది.

ఒక జంటను ప్రత్యేకంగా నేర్చుకోవాలి. సెలూన్లలో అందరూ క్యూటికల్ అని పిలిచేది ఒకటి, పుస్తకం చెప్పేది ఇంకొకటి. గోరు పలక మీద పలచగా అంటుకుని ఉండే చచ్చిన పొర క్యూటికల్, దాన్ని తీయవచ్చు. గోరు మొదలును కప్పి ఉండే సజీవ చర్మం ఎపోనికియం, దాన్ని కత్తిరించకూడదు. నిప్పర్ (చర్మం కత్తిరించే చిన్న కత్తెర) పట్టుకున్న చెయ్యి ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

‘ఈ గోరుకు సేవ చేయవచ్చా?’ అన్న ప్రశ్న అనేక రూపాల్లో వస్తుంది. తెల్ల మచ్చలు, కొరికిన గోళ్లు, అడ్డగీతలు ఉంటే చేయవచ్చు. చీము, ఫంగస్, పచ్చి గాయం, కింది చర్మం నుంచి విడిపోతున్న గోరు ఉంటే చేయకూడదు, డాక్టరును కలవమని చెప్పాలి. రోగం పేరు చెప్పే అధికారం మనకు లేదు. మీకు తెలిసినా సరే, ‘ఇది ఫంగస్’ అన్న జవాబు పరీక్షలో తప్పు. ఇక్కడ పుస్తకాల లోటు ఒకటి చెప్పాలి. బొమ్మలన్నీ చాలాకాలం తెల్లని చర్మం మీదే వచ్చాయి. మన చాయ ఉన్నవారి గోళ్ల మీద నిలువుగా గోధుమ రంగు చారలు ఉండటం అరుదు కాదు, చాలాసార్లు అవి అపాయం లేనివే. అయితే ఒకే వేలికి కొత్తగా వచ్చిన చార, వెడల్పవుతున్న చార, గోరు దాటి చర్మం మీదకు పాకుతున్న చార ఉంటే ఆలస్యం చేయకుండా చర్మ వైద్యుని దగ్గరకు పంపాలి. గరిటెలా గుంటపడిన గోళ్లకు ఇనుము లోపంతో సంబంధం ఉంది, అది మన ఆడవారిలో కొత్త విషయం కాదు.

రసాయనాల అధ్యాయాన్ని చూసి భయపడేవారికి పాకం పట్టడం వస్తే చాలు. అక్రిలిక్ గోరు కట్టేటప్పుడు ద్రవ మోనోమర్‌లో బ్రష్ ముంచి, పాలిమర్ పొడిని తాకిస్తే చిన్న ముత్యం తయారవుతుంది. ద్రవం, పొడి సమానంగా ఉంటే పొడి ముత్యం, ద్రవం రెట్టింపైతే తడి ముత్యం, ఒకటిన్నర రెట్లు ఉంటే మధ్యస్థం. పనికొచ్చేది ఎక్కువగా ఈ మధ్యదే. అరిసెల పాకం ముదిరితే విరుగుతుంది, లేతదైతే నిలవదు, ఇదీ అంతే. పొడిలో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ గట్టిపడే చర్యను మొదలుపెడుతుంది. జెల్‌లో ఆ పని ల్యాంపు వెలుగుతో జరుగుతుంది. ఇ.ఎం.ఎ., ఎం.ఎం.ఎ. అన్న రెండు పేర్ల తేడా తప్పక అడుగుతారు. మొదటిది, ఇథైల్ మెథాక్రిలేట్, అనుమతి ఉన్నది. రెండోది, మిథైల్ మెథాక్రిలేట్, అసిటోన్‌లో సరిగా కరగదు, ఎక్కడైనా తగిలితే తాను విరగకుండా సహజమైన గోరును చీల్చుకుని వస్తుంది. 1970లలోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాని మీద చర్య తీసుకుంది, అనేక రాష్ట్రాలు సెలూన్లలో నిషేధించాయి.

పరీక్ష తెలుగులో లేదు. స్పానిష్, వియత్నామీస్ భాషల్లో కొన్ని రాష్ట్రాల్లో ఉంది, ఆ రెండోదాని వెనక చిన్న చరిత్ర ఉంది. 1975లో సాక్రమెంటో సమీపంలోని శరణార్థి శిబిరంలో ఉన్న వియత్నాం మహిళలు నటి టిప్పి హెడ్రెన్ గోళ్లను చూసి ముచ్చటపడితే, ఆమె తన మానిక్యూరిస్టును పిలిపించి ఇరవై మందికి పని నేర్పించే ఏర్పాటు చేసింది. ఇవాళ అమెరికాలో ఈ వ్యాపారం చాలావరకు ఆ సమాజం చేతిలో ఉందంటే మొదలు అక్కడే. మనకు ఆ సంఖ్యాబలం లేదు కాబట్టి ఇంగ్లీషుతోనే తంటాలు పడాలి. ప్రశ్నలో ‘మొదట’, ‘ఉత్తమమైన’, ‘తప్ప’ అన్న అర్థాన్నిచ్చే మాటల దగ్గర ఆగి, మనసులో తెలుగులోకి తిప్పుకుని, అప్పుడు జవాబులు చూడండి. నాలుగు జవాబుల్లో రెండు నిజమైనవే ఉంటాయి. ముందుగా చేయవలసినది ఏదన్నదే అసలు ప్రశ్న.

ప్రాక్టికల్‌కు చెయ్యిని తయారు చేయడం

కాలిఫోర్నియా 2022 జనవరి 1 నుంచి ప్రాక్టికల్ పరీక్షను ఎత్తేసింది, అక్కడ రాత పరీక్ష ఒక్కటే. ప్రాక్టికల్ ఉన్న రాష్ట్రాల్లో పని అందం కంటే క్రమం ముఖ్యం. బల్ల తుడవడం, చేతులు శుభ్రం చేసుకోవడం, మానిక్యూర్, టిప్, గోరు కట్టడం, రంగు వేయడం, రక్తం కారినప్పుడు చేయవలసిన పద్ధతి వంటివి విడివిడి భాగాలుగా, గడియారం పెట్టి చేయిస్తారు. పరీక్షకులు బొమ్మలా చూస్తూ నమోదు చేసుకుంటారు, తల ఊపరు, నవ్వరు. ఆ నిశ్శబ్దం అలవాటు లేనివారికి చెమటలు పడతాయి. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఎవరినైనా ఎదురుగా పలకకుండా కూర్చోబెట్టుకోవడం వింతగా అనిపించినా పనికొస్తుంది. నా రెండో ప్రయత్నానికి ముందు మా అత్తగారు పది రోజులు ఆ పాత్ర పోషించారు; కింద పడిన వస్తువు తీసి వాడబోయినప్పుడల్లా ఆవిడ దగ్గేవారు.

కిట్ సర్దడంలోనే చాలామంది మార్కులు పోగొట్టుకుంటారు. ప్రతి సీసా మీద, సంచి మీద ఇంగ్లీషులో స్పష్టమైన చీటీ ఉండాలి. చెత్త సంచి, క్రిమిసంహారం చేయవలసిన వస్తువుల సంచి వేర్వేరుగా, పేర్లు రాసి ఉండాలి. ప్రతి చిన్న పనిముట్టూ రెండేసి తీసుకెళ్లండి. ఒక్కొక్క భాగానికి కావలసినవి ఒక్కొక్క జిప్ సంచిలో పెట్టుకుంటే బల్ల మీద వెతుకులాట ఉండదు. బోర్డు గానీ పరీక్ష సంస్థ గానీ ఇచ్చే అభ్యర్థి సమాచార పత్రంలో ఏ భాగంలో ఏ అడుగుకు మార్కు ఉందో దాదాపు పంక్తి పంక్తిగా ఉంటుంది. స్కూలు ఇచ్చిన నోట్సు పాతదై ఉండవచ్చు, ఆ పత్రం పాతది కాదు. దాన్ని గట్టిగా పైకి చదువుతూ చేయండి.

రక్తం భాగం చిన్నదే గాని కంగారు పెట్టేది. పని ఆపాలి, చేతి తొడుగులు వేసుకోవాలి, గాయాన్ని శుభ్రం చేసి, యాంటీసెప్టిక్ రాసి, పట్టీ వేయాలి, రక్తం అంటిన వాటిని విడిగా సంచిలో కట్టి పారేయాలి, తొడుగులు తీసి మళ్లీ చేతులు శుభ్రం చేసుకోవాలి. మనవాళ్లు ‘అయ్యో’ అంటూ ముందు దూదితో అద్దేస్తారు, తొడుగులు తరువాత గుర్తొస్తాయి.

తప్పితే

ఫీజు, సెలవు, ప్రయాణం అన్నీ పోయాక మళ్లీ అవే ఖర్చులంటే గోరుచుట్టు మీద రోకటిపోటే, ఈ రంగంలో ఆ సామెత మరీ అతికినట్టుంటుంది. అయినా తప్పినవారికి నిండిన గంటలు పోవు. తప్పిన భాగాన్నే తిరిగి రాయాలి. మార్కుల పత్రంలో ఏ విభాగంలో ఎంత వచ్చిందో ఉంటుంది. ఉత్తీర్ణతకు చాలాచోట్ల 70 గానీ 75 గానీ కావాలి కాబట్టి 66 వచ్చినవారు మొత్తం పుస్తకాన్ని మొదటి నుంచి చదవనక్కర లేదు, అతి తక్కువ వచ్చిన విభాగాన్ని పట్టుకుంటే చాలు. వీలైనంత దగ్గరి తేదీ తీసుకోండి. మూడు నెలలు ఆగితే ఇంట్లో పనులు పుస్తకాన్ని మింగేస్తాయి.

లైసెన్సు చేతికొచ్చాక నేర్చుకోవలసినవి

సెలూన్‌లో మొదటి రోజునే గోరును అరగదీసే ఇ-ఫైల్ అనే తిరిగే యంత్రం చేతికిస్తారు. నా 600 గంటల్లో దాన్ని పట్టుకున్నది ఒక్క పూట. వేడి పుట్టినా, ఒకే చోట నిలిపినా అది గోరును పలచన చేసి మంటపెడుతుంది, కాబట్టి కస్టమరు వేలి మీద కాకుండా టిప్‌ల మీద వారాల తరబడి సాధన చేయాలి. జెల్ విషయంలో స్కూలు చెప్పనిది అలర్జీ. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే అందులోని ఆక్రిలేట్లు అనే రసాయనాల అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుంటే జీవితాంతం వదలదు. అది కస్టమరు కంటే రోజుకు పదిమందికి చేసే మనకే ముందు వస్తుంది. ఒక కంపెనీ జెల్‌కు ఇంకో కంపెనీ ల్యాంపు వాడకపోవడం, చర్మం మీదకు కారిన జెల్‌ను ల్యాంపు కింద పెట్టక ముందే తుడవడం, నైట్రైల్ తొడుగులు మార్చుకుంటూ ఉండటం మొదటి వారం నుంచే అలవాటు కావాలి. జెల్‌లో వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది; అమెరికాలో అటువంటి నిషేధం లేకపోయినా, కస్టమర్లు అడుగుతారు కాబట్టి సీసా వెనక పదార్థాల పట్టిక చదవడం వచ్చి ఉండాలి. ఉత్పత్తుల కంపెనీలు నడిపే ఒకటి రెండు రోజుల క్లాసులకు పెట్టే డబ్బు, నా మటుకు నాకు, స్కూలు ఫీజు కంటే త్వరగా తిరిగి వచ్చింది.

టెక్సాస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ లైసెన్సుకు రెండేళ్లే గడువు. ఇల్లు మారిన వారంలోనే బోర్డుకు కొత్త చిరునామా ఇవ్వండి, ఎందుకంటే గడువు దాటిన లైసెన్సుతో పనిచేస్తూ తనిఖీలో దొరికితే జరిమానా పడుతుంది, ‘నోటీసు పాత అపార్ట్‌మెంటుకు వెళ్లింది’ అన్న మాటను అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒరిజినల్ మీ బల్ల దగ్గర కస్టమరుకు కనిపించేలా ఉండాలి. ఫోటో తీసి ఫోన్లో కూడా పెట్టుకోండి.